దొడ్డోళ్లు, తొట్టోళ్లు: మా వంశచరిత్ర పుస్తకం చదివినాక

మా దాయాదుల్లో అన్న వరసయ్యే ఆయన ఒకరు మూడేండ్లు తిరిగి మా వంశచరిత్ర పుస్తకం వేసినారు. తొంభై ఆరు పేజీలు. తమిళంలో ఉంది, నడుమ నడుమ ఇంగ్లీషు. దేవర పొంగళ్లకు వచ్చిన ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇచ్చినారు. పీడీఎఫ్ వాట్సాప్‌లో ఇంకా తిరుగుతానే ఉంది. హోసూరు పక్క మన తెలుగోళ్ల ఇండ్లలో ఇట్లాంటి పుస్తకాలు ఇప్పుడు కొత్త కాదు. కోయంబత్తూరు నుంచి, సోలాపూర్ నుంచి, బరంపురం నుంచి వచ్చినవి కూడా నేను చూసినాను. అన్నిట్లోనూ కష్టం కనిపిస్తుంది, ఇంటిమీద ప్రేమ కనిపిస్తుంది. అన్నిట్లోనూ ఒకే లోటు కూడా కనిపిస్తుంది. ఆ లోటు గురించి మా అన్న పుస్తకాన్నే ముందు పెట్టుకొని రాస్తాను. ఆయనకు చూపించే రాస్తున్నాను కాబట్టి ఎవరూ నొచ్చుకోవద్దు.

లోటు ఏమంటే, ఈ పుస్తకాలు కాగితాన్ని నమ్మినంతగా నోటిని నమ్మవు. గుమస్తా రాసుకున్న పేరే అసలు పేరని తీసుకొని, ఇంట్లో పెద్దలు పలికే పేరును దానికి తగ్గట్టు దిద్దుతాయి. తెలుగు మాట్లాడుతా వేరే లిపిలో బతికే మన ఇండ్లలో అది తిరగబడిన పని. మన దగ్గర ఇంట్లో పలికే మాటతోనే కాగితాన్ని సరిచూడాల్సి ఉంటుంది.

ముందు మంచి మాట

ఈ పుస్తకంలో ఆడపిల్లల పేర్లు వదల్లేదు. ఎవర్ని ఏ ఊరికి ఇచ్చినారో, వాళ్ల పిల్లలెవరో ఓపిగ్గా రాసినారు. మామూలుగా వంశవృక్షం అంటే తాత కింద తండ్రి, తండ్రి కింద కొడుకు, అంతే గదా. ఇందులో కొమ్మలు అటూ ఇటూ పోయినాయి. పాత పట్టాల ఫోటోలు వేసినారు. ఒక రాగిచెంబు మీద చెక్కిన పేరును కూడా ఫోటో తీసి వేసినారు. ఆ చెంబు దగ్గరికి మళ్లీ వస్తాను.

పుస్తకం తమిళంలో ఎందుకు వేసినారని కొందరు ముఖం మాడ్చుకున్నారు. నాకు ఆ ఫిర్యాదు లేదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినాక తమిళనాట బడికి పోయే పిల్లలు తమిళం చదివి తీరాలి. మన పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం చదవలేరు. వాళ్ల చేతికి అందాలంటే తమిళంలోనే వెయ్యాలి. వాక్యాలు తమిళంలో రాస్తే పోయేదేమీ లేదు. ఇంటిపేర్లు కూడా తమిళ అక్షరాల్లో మాత్రమే రాసి ఊరుకోవడమే చిక్కు తెచ్చింది.

కానుగా, హొంగెనా, పుంగా?

మొదటి అధ్యాయం మీరందరూ విన్న కథే. ఒక సుల్తాను మన పిల్లను పెండ్లికి అడిగినాడు, మనవాళ్లు రాత్రికి రాత్రి ఊరు విడిచినారు, వెనక సైన్యం, ముందర నిండా పారే ఏరు. రెండు గట్ల మీది చెట్లు వంగి ఒకదాన్నొకటి అందుకొని వంతెన అయినాయి. మనవాళ్లు దాటినారు.

1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో కంబళ నాయకుల గురించి ఇదే కథ ఉంది. దక్షిణానికి వచ్చిన వేరే తెలుగు కులాలవాళ్లు కూడా కొద్ది మార్పులతో చెప్పుకుంటారు. ఇంతమంది చెప్పే కథ ఒక్క ఇంటి జ్ఞాపకం కాలేదు. అయినా మా పుస్తకం దానికి 1565 అని సంవత్సరం వేసింది, తళ్లికోట యుద్ధం తర్వాత అని. సంవత్సరం చరిత్ర పుస్తకంలోది, కథ అవ్వ చెప్పింది. రెండింటినీ కుట్టింది మా అన్న. మదురైలో నాయకుల పాలన 1529లో, తంజావూరులో 1532లో మొదలయింది. తెలుగు సైనికులూ రైతులూ ఆ యుద్ధానికి ముందే దక్షిణంలో ఉండారు. మనవాళ్లు వాళ్లతో రాలేదని, యుద్ధం తర్వాతే వచ్చినారని చెప్పేందుకు పుస్తకంలో ఆధారం ఒక్కటీ లేదు.

అట్లని కథను పారెయ్యమని కాదు. కథలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎవరూ అడగలేదు. ఆ చెట్టును మీ అవ్వ ఏమని పిలుస్తుంది? థర్‌స్టన్ దాన్ని పొంగు చెట్టు అన్నాడు. తెలుగులో ఆ చెట్టు కానుగ. కన్నడంలో హొంగె. తమిళంలో పుంగ మరం. మా మేనత్త తెలుగులోనే కథ చెప్పి చెట్టు దగ్గరికి వచ్చేసరికి "పుంగచెట్టు" అంటుంది. వంటచెరుకు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అదే చెట్టును "కానగ" అంటుంది. అంటే ఆమె నోట్లో చెట్టుకు రెండు పేర్లుండాయి, కథకు మాత్రం తమిళ పేరే వచ్చింది. కథ ఇప్పుడున్న రూపం ఏరు దాటినాక, ఈ పక్క ఇరుగుపొరుగు నుంచి అందుకున్నదని అనుమానించడానికి ఇది చిన్న ఆధారం. ఒక్క మాటతో తేల్చలేం. యాభై ఇండ్లలో అడిగితే ఏదో ఒకటి తేలుతుంది. మా పుస్తకంలో ఈ కథ తమిళంలో రాసినారు కాబట్టి చెట్టు పేరు తమిళంలోనే ఉంది, ఆ ఆధారం చెరిగిపోయింది.

థర్‌స్టన్ అలమర

రెండో అధ్యాయం సగం థర్‌స్టన్‌దే. ఏడు సంపుటాలూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉండాయి. ఫోనులో కులం పేరు కొడితే పేజీ వస్తుంది. అందుకే మన వంశచరిత్రలన్నీ అక్కడ మొదలై అక్కడే నిలిచిపోతాయి.

ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. ఆయనకు తోడు పనిచేసినవాడు కె. రంగాచారి. అప్పటికున్న జనగణన నివేదికలు, జిల్లా మాన్యువళ్లు, ఊరూరి నుంచి వచ్చిన ఉత్తరాలు, సొంతంగా తిరిగి చూసినవి అన్నీ కలిపి అకారాది క్రమంలో పేర్చినారు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచి జాతులు తేల్చాలనుకున్న కాలం అది, ఆ కొలతలు కూడా అందులో ఉండాయి. కాబట్టి అందులో ఒక వాక్యం మన గురించి కనిపిస్తే, అది థర్‌స్టన్ కండ్లారా చూసిందా, పాత మాన్యువల్లో నుంచి ఎత్తిందా అని మొదట అడగాలి. చానాసార్లు ఆయనే ఎక్కడినుంచి తీసుకున్నాడో చెబుతాడు. మనవాళ్లు ఆ పేరు కత్తిరించి మిగిలింది వేసుకుంటారు. మా పుస్తకంలో కూడా అట్లే జరిగింది. పాత జనగణన అధికారి మాట థర్‌స్టన్ మాట అయింది, థర్‌స్టన్ మాట "మన చరిత్ర" అయింది.

ఇంటిపేర్ల సంగతి ఇంకోటి. చాలా తెలుగు కులాల కింద థర్‌స్టన్ ఇంటిపేర్ల పట్టీలు ఇచ్చినాడు, అది మనకు పెద్ద మేలు. అయితే ఆయన చూపంతా చెట్టు, జంతువు, వస్తువు పేరున్న ఇంటిపేర్ల మీద ఉంది. ఒక కులంలో చెట్టును గానీ జంతువును గానీ మూలంగా తలచే ఆచారం ఉందా అని వెతికేవాళ్లకు అవే కావాల. కుటుంబం ఏ ఊరినుంచి వచ్చిందని వెతికే మనకు కావాల్సింది పల్లి, పాడు, కూరు, వరం అని ముగిసే ఊరిపేరు ఇంటిపేర్లు. ఆయన పట్టీలో మన ఇంటిపేరు లేకపోతే ఆ ఇల్లు ఆ కులంలో లేదని కాదు, ఆ ప్రశ్నకు ఆ పేరు పనికిరాలేదని. మా పుస్తకం మాత్రం థర్‌స్టన్ పట్టీలో లేని మూడు ఇంటిపేర్ల పక్కన "తర్వాత చేరినవి" అని రాసింది. ఆ మూడిండ్లవాళ్లు దేవర దగ్గర నా చెయ్యి పట్టుకొని, "మేము ఎప్పుడు చేరినాం నాయనా?" అని అడిగినారు. పాత పుస్తకం మౌనాన్ని తీర్పుగా చదివితే ఇట్ల పక్కింటోళ్లు పరాయోళ్లవుతారు.

అంచుల్లో రాసుకున్న తెలుగు

థర్‌స్టన్‌తో పాటు చూడాల్సింది, మనవాళ్లు దాదాపు చూడనిది, భారతీయ భాషల సర్వే నాలుగో సంపుటం. గ్రియర్సన్ సంపాదకుడు, స్టెన్ కోనో రాసినాడు, 1906లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో పేజీలన్నీ ఉండాయి. దీంట్లో వింత ఏమంటే మద్రాసు రాష్ట్రం, హైదరాబాదు, మైసూరు ఆ సర్వే కిందకి రాలేదు. కాబట్టి తెలుగు నడిబొడ్డు అందులో లేదు, అంచులు ఉండాయి. చాందా జిల్లా, అంటే ఇప్పటి చంద్రపూర్ పక్క సాలేవాళ్ల తెలుగు, కోమట్ల తెలుగు. బొంబాయి పక్క కామాఠీల తెలుగు. ఇంకా గోలరీ, బేరడీ, వడరీ, దాసరీ. మహారాష్ట్రలోనూ బెళగావి పక్కనా పాతకాపులైన తెలుగిండ్లకు నూరేండ్ల కిందటి తమ మాట అచ్చులో దొరికే చోటు అది.

దీన్ని కూడా కండ్లు తెరుచుకొని చదవాల. ఆ పేర్లు చూడండి: సాలేవారీ, కామాఠీ, వడరీ. ఇరుగుపొరుగు మరాఠీవాళ్లు పిలిచిన తీరు అది. మాట్లాడేవాళ్లు తమ మాటను తెలుగనో తెనుగనో అనుకొని ఉంటారు గానీ సాలేవారీ అనుకోరు. ఇంక మాట నమూనాల కోసం ప్రతి చోటా ఒకే కథ, బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ, ఆ ఊరి మాటలోకి మార్పించి రాసుకున్నారు. పోల్చడానికి బాగుంటుంది. అయితే ఆ కథలో ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు. మేనత్త లేదు, బావ లేడు, వదిన లేదు. వంశచరిత్రకు కావాల్సిన వరసల మాటలకు ఆ కథలో చోటే లేదు.

నడిచిపోయినవాడికి చీటీ లేదు

మూడో అధ్యాయంలో అన్న ఒక ప్రశ్న వేసినారు: "జనగణనలో మన తాతల పేర్లు ఎందుకు వెతకలేదని అడుగుతారు." జవాబు ఆయన ఒక్క లైనులో ముగించినారు, దొరకవని. ఇది విడమరిచి చెప్పాల్సిన సంగతి. అమెరికాలో 1950 దాకా, ఇంగ్లండులో 1921 దాకా జనగణన పట్టీలు ఇంటింటి పేర్లతో చూడొచ్చు. అక్కడున్న మన పిల్లలు అవి చూసి, ఇక్కడివీ అట్లే ఉంటాయనుకుంటారు. మన దేశంలో పాత జనగణనలవి మొత్తాలు మిగిలినాయి, ఇంటి పట్టీలు మిగల్లేదు.

ఆ మొత్తాలను కూడా ఒకటికి రెండుసార్లు చదవాల. 1891లో అడిగింది తల్లిదండ్రుల భాష. 1901లో అడిగింది మామూలుగా వాడే భాష. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడే హోసూరు మనిషి మొదటి ప్రశ్నకు ఒకటి, రెండో ప్రశ్నకు ఇంకొకటి చెప్పి ఉండొచ్చు. పదేండ్లలో ఒక తాలూకాలో తెలుగువాళ్లు తగ్గినట్టో పెరిగినట్టో కనిపిస్తే, మనుషులు కదిలినారా, ప్రశ్న కదిలిందా అని చూడకుండా "వలస" అని రాయకూడదు.

పేరూ ఊరూ తండ్రిపేరూ అన్నీ కలిపి దొరికే పాత పట్టీ ఒకటుంది. 1860 నుంచి 1911 దాకా నాటాల్ చెరకుతోటలకు ఓడల్లో పోయిన కూలీల పట్టీ. లక్షా యాభై వేల మందికి పైగా ఉండారు, తెలుగువాళ్లు నిండా ఉండారు. జిల్లా, తాలూకా, ఊరు, కులం, వయసు రాసినారు. ఓడెక్కిన మనిషి మీద తెల్లదొరకు లెక్క కావాల కాబట్టి చీటీ పుట్టింది. ఎద్దులబండితో కనుమ దిగి పక్క జిల్లాకు పోయినవాడి లెక్క ఎవరికీ అక్కరలేదు. మన పూర్వీకుల్లో ఎక్కువమంది నడిచిపోయినవాళ్లే. ఇంటర్నెట్లో పేరు లేదంటే మనిషి లేడని కాదు, లెక్క రాసే అవసరం ఎవరికీ పడలేదని.

ఇంకొక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను. వెతికేటప్పుడు ఇప్పటి జిల్లా పేరుతో వెతకొద్దు. హోసూరు కదల్లేదు గానీ సేలం జిల్లాలో ఉండింది, 1965లో ధర్మపురిలోకి, 2004లో కృష్ణగిరిలోకి పోయింది. బరంపురం 1936 దాకా మద్రాసు రాష్ట్రం. బళ్లారి 1953 దాకా మద్రాసు. రాయచూరు, నాందేడ్ 1956 దాకా హైదరాబాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది. పాత కాగితం పాత రాజధాని ఉన్నచోట ఉంటుంది.

గుమస్తా చెవి, గుమస్తా లిపి

ఇప్పుడు అసలు సంగతి. మన ఇంటిపేరు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా మారింది, ప్రతి మార్పుకూ ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే వెనక్కి నడవొచ్చు.

మహారాష్ట్రలో, ముఖ్యంగా విదర్భ, నాందేడ్ పక్క, "ఫలానా వారు" అన్నది వార్ అయి పేరుకు అంటుకుంది. గుండావారు గుండావార్ అయినారు. మరాఠీ నోట్లో చివరి అచ్చు నిలవదు కాబట్టి గాజుల గాజుల్ అయింది. ఒడిశాలో వ అక్షరం బ అయ్యే దారి ఉంది, విష్ణు బిష్ణు అయినట్టు. కాబట్టి బ తో మొదలయ్యే ఇంటిపేరు కనిపిస్తే వ తో కూడా వెతకాల. కర్ణాటకలో కన్నడ లిపి మన శబ్దాలన్నీ మోస్తుంది, అక్షరంలో నష్టం లేదు. అయితే పహణీలో ఫలానా బిన్ ఫలానా అని తండ్రిపేరు, ఆడవాళ్లకు కోం అని మొగుడిపేరు రాస్తే ఇంటిపేరుకు చోటే ఉండదు. యానాం పత్రాల్లో ఫ్రెంచి చెవి విన్న స్పెల్లింగు ఉంటుంది. అక్కడ ఇంకొక మెలిక: 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకారం సొంత ఆచార ధర్మం వదులుకొని ఫ్రెంచి చట్టం కిందకి వచ్చినవాళ్లు కొత్తగా ఒక కుటుంబం పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. పాండిచ్చేరి పక్క ఇది ఎక్కువ. ఒక ఇంట్లో ఒకరు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇంకొకరు పెట్టకపోతే, రెండు తరాల తర్వాత వాళ్లు ఒకే ఇంటివాళ్లని కాగితం చెప్పదు.

తమిళనాట రెండు దెబ్బలు తగిలినాయి. ఒకటి, ఇనిషియల్. తండ్రిపేరు మొదటి అక్షరమే మిగిలి ఇంటిపేరు పట్టాలోంచి, బడి సర్టిఫికెట్లోంచి పోయింది. పెండ్లిళ్లలో, దేవర దగ్గర మాత్రం నోటిమాటగా మిగిలింది. రెండోది లిపి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. ట, డ లకు ఒకటే, ఒత్తు పడితే ట అనే చదువుతారు. నీలగిరుల్లో దొడ్డబెట్టను తమిళంలో రాస్తే తొట్టపెట్టా అని ఎందుకు కనిపిస్తుందో ఆలోచించండి. ఆ లిపిలో బొడ్డు అని రాస్తే పొట్టు అని, గడ్డం అని రాస్తే కట్టం అని చదవొచ్చు. తమిళానికి ఇది లోపం కాదు, ఆ భాషకు ఆ లిపి చాలు. మన పేర్లకు చాలదు.

ఆవుల దొడ్డి, నీళ్ల తొట్టి

మా దేవరకు వచ్చే ఇంటిపేర్లు పద్నాలుగు. పుస్తకం 58వ పేజీలో పట్టీ ఉంది, లెక్కపెడితే పదమూడే. దొడ్డోళ్లూ తొట్టోళ్లూ తమిళ అక్షరాల్లో ఒకటే అయిపోయినారు. ఊర్ల పేర్లు మాత్రం రెండిండ్లవీ కలిపి ఒకే పేరు కింద వేసినారు.

మన ఇండ్లలో ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ములు, పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు. దొడ్డోళ్ల పిల్లకు, బెంగళూరులో ఉద్యోగం చేసే తొట్టోళ్ల పిల్లవాడికి సంబంధం మాట్లాడతా ఉండగా ఈ పుస్తకం వచ్చింది. పిల్లవాడి పక్క చదువుకున్న చిన్నాయన ఒకరు 58వ పేజీ ఫోటో తీసి పంపించినారు: "పుస్తకంలో ఒకే వంశం అని ఉండాది, అన్నాచెల్లెలవుతారు." మాటలు ఆగిపోయినాయి. నాలుగు నెలల తర్వాత ఎవరికో తోచి మా మేనత్తను అడిగినారు. ఆమెకు 84. రెండు ముక్కల్లో చెప్పింది: "వాళ్లది ఆవుల దొడ్డి, వీళ్లది నీళ్ల తొట్టి. నా పెద్దకోడలు తొట్టోళ్ల పిల్లే గదరా, నేను దొడ్డోళ్ల పిల్లను." అప్పటికి పిల్లవాడికి వేరే చోట తాంబూలాలు మార్చుకున్నారు.

ఇక్కడ చెంబు సంగతి. అదే పుస్తకం 41వ పేజీలో రాగిచెంబు ఫోటో ఉంది. చెంబు మెడ మీద తెలుగక్షరాల్లో "దొడ్డి" అని చెక్కి ఉంది. డ కింద డ ఒత్తు స్పష్టంగా కనిపిస్తుంది. ఫోటో కింద శీర్షిక తమిళంలో వేసినారు, అది తొట్టి అని చదువుతాం. సాక్ష్యం పుస్తకంలోనే ఉంది, పదిహేడు పేజీల ముందర. చెంబును పాతవస్తువుగా చూసినారు, కాగితంగా చదవలేదు.

వరసలు

పేర్ల తర్వాత చిక్కు వరసలది. సోలాపూర్ నుంచి వచ్చిన ఒక పద్మశాలి కుటుంబం పుస్తకంలో, "అవ్వ మమ్మల్ని వెంటబెట్టుకొని వచ్చింది" అని ముసలాయన చెప్పిన మాటను మనవడు మరాఠీలో ఆజీ అని రాసినాడు, నాయనమ్మ అని. తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే అమ్మ. రాయలసీమలో, మా పక్క అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. ఆ ఇల్లు తెలంగాణ నుంచి పోయిన ఇల్లు. కాబట్టి వచ్చింది ముసలాయన తల్లి అయ్యుండాల. ఒక్క మాటతో వలస ఒక తరం వెనక్కి పోయింది, వృక్షంలో ఒక మెట్టు ఎక్కువైంది.

వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఇంకొక ఇబ్బంది. మేనమామకూ చిన్నాయనకూ ఒకే మాట, బావకూ అన్నకూ ఒకే మాట. మనకు వాటి మధ్య తేడాలోనే పెండ్లిళ్లు ఉండాయి. అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి రెండు చోట్ల రావాల. మేనరికాలు మూడు తరాలు సాగిన ఇల్లయితే బొమ్మ చెట్టులా ఉండదు, అల్లిన బుట్టలా ఉంటుంది. దాన్ని చెట్టులా కనబడేట్టు చెయ్యాలని కొందరు వరసలు తీసేస్తారు. మా అన్న ఆ పని చెయ్యలేదు, గీతలు అడ్డదిడ్డంగా పోయినా ఉన్నదున్నట్టు వేసినారు. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీలు అవే.

రెండో కూర్పుకు

అన్న రెండో కూర్పు వేస్తామంటున్నారు. ఇట్లాంటి పుస్తకం మొదలుపెట్టే ఎవరికైనా నేను అడిగేది నాలుగే.

ఇంటిపేరును కాగితంలో ఉన్న లిపిలో ఉన్నట్టే రాయండి, పక్కనే ఇంట్లో పలికినట్టు తెలుగులో రాయండి. పిల్లలకు తెలుగు రాకపోతే ఏం, పేరు పక్కన ఆ పేరుకు అర్థం తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో రాస్తే చాలు. ఆవులు కట్టే చోటు, నీళ్లు పోసే చోటు అని ఉండుంటే ఆ సంబంధం నిలిచేది.

ఎవరు చెప్పినారో, ఏ ఊరివాళ్లో, ఎన్నేండ్లవాళ్లో రాయండి. ఇద్దరు రెండు తీర్లుగా చెబితే రెండూ వేయండి.

పాత పుస్తకంలో లేదు కాబట్టి తప్పు అనొద్దు. పాత పుస్తకంలో ఉంది కాబట్టి ఒప్పు అని కూడా అనొద్దు. ఆ పుస్తకం ఏ ప్రశ్నకు జవాబు రాసుకుందో ముందు చూడండి.

పెద్దల మాట రికార్డు చేసేటప్పుడు దిద్దొద్దు. "ఉండాది" అంటే "ఉంది" అని మార్చొద్దు, "కానగ" అంటే "కానుగ" అని మార్చొద్దు. మన పిల్లలు దాన్ని సరైన తెలుగు కాదని సిగ్గుపడతారు, టీవీ తెలుగు విని. మనం ఎక్కడినుంచి వచ్చినామో చెప్పే గుర్తులు ఆ మాటల్లోనే ఉండాయి.

పద్నాలుగు ఇంటిపేర్లలో పదకొండు మా మేనత్త గొంతుతో రికార్డు చేసినాం. ఒక్కో పేరు, ఆ పేరుకు ఆమె చెప్పే అర్థం, దేవర దగ్గర ఆ ఇంటివాళ్లు పొంగలి పెట్టే చోటు. మిగిలిన మూడు పేర్లు ఎట్ల పలకాలో ఆమెకూ గట్టిగా తెలీదు. పుస్తకంలో "తర్వాత చేరినవి" అని రాసిన మూడూ అవే. వేపనపల్లి పక్క పెద్దవాళ్లు ఎవరికన్నా తెలిసి ఉండొచ్చు, ఈ నెలలో పోయి అడుగుతాం. ఈలోగా మీ ఇంట్లో అవ్వను ఒక్క మాట అడగండి: ఆ ఏటిగట్టు చెట్టు పేరేమని. ఆమె ఏమంటే అది, ఊరిపేరుతో సహా రాసి పెట్టుకోండి.